పురుగుల గదిలో తేమ ఎంత?



పట్టుపురుగులు పెంచే ఇంట్లో ఆడవాళ్ళకు నిద్ర తక్కువ. తెల్లవారక ముందే ఆకు కొయ్యాలి. ఆకు తరిగి వెయ్యాలి. తట్టలు మార్చాలి. పడక శుభ్రం చెయ్యాలి. రాత్రి పడుకోబోయే ముందు మళ్ళీ ఒకసారి ఆకు వెయ్యాలి. హిందూపురం, మడకశిర, మదనపల్లె, పలమనేరు, కుప్పం చుట్టుపక్కల ఊళ్ళలో ఇట్లా కష్టపడే అక్కలు చాలామంది ఉన్నారు.

ఇంత చేసినా ఒక్కోసారి పంట చేతికి రాదు. ఇరవై రోజులు మేపిన పురుగు గూడు కట్టే ముందు చచ్చిపోతుంది. ఆకు పోయింది. కూలి పోయింది. గుడ్లకు తెచ్చిన అప్పు మాత్రం మిగిలింది. "మన రాత ఇంతే" అనుకుంటాం. "ఎవరి కన్నో పడింది" అంటాం.

రాత కాదు, కన్నూ కాదు. చాలాసార్లు కారణం గదిలో ఉన్న గాలే. ఆ గాలిలో తేమ ఎక్కువైనా కష్టమే, తక్కువైనా కష్టమే. మరి తేమ ఎంత ఉందో ఎట్లా తెలుసుకోవాలి? ఆ సంగతి ఈ పాఠంలో చదువుదాం.

తేమ అంటే ఏమిటి?

తడిబట్ట దండెం మీద వేస్తాం. కాసేపటికి ఆరిపోతుంది. ఆ నీళ్ళు ఎక్కడికి పోయాయి? ఆవిరై గాలిలో కలిశాయి. గాలిలో కలిసి ఉన్న ఈ నీటి ఆవిరినే తేమ అంటాం. అది కంటికి కనబడదు.

గాలి ఎంత ఆవిరినైనా పట్టుకోలేదు. దానికీ ఒక కొలత ఉంది. బిందెలో పట్టినన్ని నీళ్ళే పడతాయి కదా! గాలీ అంతే. అయితే ఈ బిందె చిత్రమైనది. వేడి పెరిగితే పెద్దదవుతుంది. చలి పెరిగితే చిన్నదవుతుంది. ఒక మీటరు పొడవు, ఒక మీటరు వెడల్పు, ఒక మీటరు ఎత్తు ఉన్న చోటు అనుకోండి. అందులోని గాలి 20 డిగ్రీల వేడిలో సుమారు 17 గ్రాముల ఆవిరిని పట్టుకుంటుంది. 25 డిగ్రీల వేడిలో సుమారు 23 గ్రాములు పట్టుకుంటుంది. 30 డిగ్రీల వేడిలో సుమారు 30 గ్రాములు పట్టుకుంటుంది.

బిందె నిండా ఉంటే తేమ నూటికి 100. సగం ఉంటే నూటికి 50. ముప్పాతిక ఉంటే నూటికి 75. తేమను ఇట్లా "నూటికి ఎంత" అని చెబుతారు. దీన్నే శాతం అంటారు.

ఇందులో మనకు పనికొచ్చే సంగతి ఒకటి ఉంది. చలికాలం రాత్రి గది 20 డిగ్రీలకు దిగింది. తేమ 90 ఉంది. మనం గదిని 25 డిగ్రీలకు వేడి చేశాం. చుక్క నీరు కూడా బయటికి పోలేదు. అయినా తేమ 68కి పడిపోతుంది. ఎందుకు? బిందె పెద్దదయింది, నీళ్ళు మాత్రం అన్నే ఉన్నాయి. అందుకే గది వేడి చేసినప్పుడల్లా తేమ మళ్ళీ చూసుకోవాలి.

ఇంకో మాట. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టి అక్కడే పడుకోవద్దు. దాని నుంచి వచ్చే విషవాయువుకు వాసన ఉండదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

పురుగుకు తేమతో పనేమిటి?

చిన్న పురుగుల్ని చాకీ పురుగులు అంటాం. అవి లేత ఆకు తింటాయి. గాలిలో తేమ తక్కువైతే తరిగిన ఆకు తొందరగా వాడిపోతుంది. వాడిన ఆకును పురుగు సరిగా తినదు. కొన్ని పెరుగుతాయి, కొన్ని చిన్నవిగానే ఉండిపోతాయి. అన్నీ ఒకేసారి జ్వరానికి పోవు. పురుగు మేత మాని, కదలకుండా ఉండి, పాత చర్మం విడవడాన్నే మనం జ్వరం అంటాం. అది రోగం కాదు.

పెద్ద పురుగుల సంగతి వేరు. అవి చాలా ఆకు తింటాయి. మొత్తం పంటకు వేసే ఆకులో నూటికి 80కి పైగా ఐదో దశలోనే తింటాయి. అంత ఆకులోనూ నీరు ఉంటుంది. పెంటికలు పేరుకుంటాయి. పడక తడిగా ఉంటుంది. దానికి తోడు గాలిలో కూడా తేమ ఎక్కువైతే బూజు పెరుగుతుంది. ఆ బూజు పురుగు ఒంట్లోకి దిగుతుంది. పురుగు చచ్చి, గట్టిపడి, సున్నపు ముక్కలా తెల్లగా అవుతుంది. దీన్ని సున్నపుకట్టు రోగం అంటారు. ఒక తట్టలో మొదలైతే గదంతా పాకుతుంది.

కాబట్టి పురుగు వయసును బట్టి తేమ మారాలి. ఈ లెక్క గుర్తు పెట్టుకోండి.

మొదటి దశ, రెండో దశ: వేడి 27 నుంచి 28 డిగ్రీలు. తేమ 85 నుంచి 90.
మూడో దశ: వేడి 26 డిగ్రీలు. తేమ 80.
నాలుగో దశ: వేడి 25 డిగ్రీలు. తేమ 70 నుంచి 75.
ఐదో దశ: వేడి 24 డిగ్రీలు. తేమ 65 నుంచి 70.
గూడు కట్టేటప్పుడు: వేడి 24 నుంచి 25 డిగ్రీలు. తేమ 60 నుంచి 65.

ఏ దశలోనైనా పురుగులు జ్వరంలో ఉన్నప్పుడు పడక పొడిగా ఉండాలి. తేమ 70 దాటకుండా చూడాలి.

చెయ్యి పెట్టి చూస్తే తెలియదా?

"ఇన్నేళ్ళుగా పెంచుతున్నాం. గదిలో కాలు పెడితే చాలు, తెలిసిపోతుంది" అని ఒక అక్క అనవచ్చు. ఆమె అనుభవం ఊరికే పోదు. ఆకు వాడిందా, పడక తడిసిందా ఆమె చూసి చెప్పగలదు. కానీ గాలిలో తేమ 70 ఉందా, 85 ఉందా అని ఒళ్ళు చెప్పలేదు. ఎండలో ఆకు కోసి లోపలికి వస్తే ఏ గదైనా చల్లగా, చెమ్మగా అనిపిస్తుంది. పొయ్యి దగ్గర నుంచి లేచి వస్తే ఒక రకంగా ఉంటుంది. స్నానం చేసి వస్తే ఇంకో రకంగా ఉంటుంది. గది మారలేదు. మన ఒళ్ళు మారింది.

ఆకు వాడేదాకా ఆగితే అప్పటికే నష్టం మొదలవుతుంది. బూజు కనబడేదాకా ఆగితే చెయ్యగలిగింది తక్కువ. ముందే తెలియాలంటే కొలవాలి.

తడి థర్మామీటరు, పొడి థర్మామీటరు

మట్టికుండలో నీళ్ళు ఎందుకు చల్లగా ఉంటాయి? కుండ ఒంటి మీద చెమ్మ ఉంటుంది. అది ఆవిరైపోతూ కుండలోని వేడిని తీసుకుపోతుంది. ఎండాకాలంలో గాలి పొడిగా ఉంటుంది. ఆవిరి తొందరగా పోతుంది. నీళ్ళు బాగా చల్లబడతాయి. వానాకాలంలో గాలిలో అప్పటికే తేమ ఉంటుంది. ఆవిరి నెమ్మదిగా పోతుంది. నీళ్ళు అంతగా చల్లబడవు. ఇది మనందరికీ తెలిసిన సంగతే.

తేమ కొలిచే పరికరం కూడా ఇదే పద్ధతిలో పని చేస్తుంది. ఒక చెక్క మీద రెండు థర్మామీటర్లు పక్కపక్కన ఉంటాయి. ఒకటి పొడిది. అది గది వేడి చూపుతుంది. రెండోదాని బుడ్డికి నూలుగుడ్డ చుట్టి ఉంటుంది. ఆ గుడ్డ కొస కింద ఉన్న నీళ్ళ గిన్నెలో మునిగి ఉంటుంది. ఇది తడిది. కుండలాగే ఇదీ చల్లబడుతుంది. అందుకే తక్కువ అంకె చూపుతుంది.

రెండింటి మధ్య తేడా ఎక్కువగా ఉంటే గాలి పొడిగా ఉన్నట్టు. తేడా తక్కువగా ఉంటే గాలిలో తేమ ఎక్కువ ఉన్నట్టు.

పెద్ద అంకెలో నుంచి చిన్న అంకె తీసివెయ్యండి. తర్వాత ఈ పట్టీ చూడండి. గది వేడి 24 నుంచి 28 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు ఈ పట్టీ పనికొస్తుంది. ఒకటి రెండు అటూ ఇటూ ఉండవచ్చు.

తేడా 1 అయితే తేమ 92.
తేడా 2 అయితే తేమ 85.
తేడా 3 అయితే తేమ 78.
తేడా 4 అయితే తేమ 71.
తేడా 5 అయితే తేమ 64.
తేడా 6 అయితే తేమ 58.

చూశారా? తేడా ఒక డిగ్రీ పెరిగితే తేమ సుమారు 7 తగ్గుతుంది. ఇది గుర్తుంటే పట్టీ లేకపోయినా లెక్క కట్టవచ్చు.

ఒక ఉదాహరణ చూద్దాం. పొడిది 27 చూపుతోంది. తడిది 25 చూపుతోంది. 27లో నుంచి 25 తీస్తే 2. తేమ 85. చాకీ పురుగులకు ఇది సరిపోతుంది. ఇదే తేమ ఐదో దశలో ఉంటే ప్రమాదం. అప్పుడు తేడా 4కు పైగా ఉండాలి.

జ్వరం చూసే థర్మామీటరు ఈ పనికి పనికిరాదు. గదివేడి చూసే థర్మామీటర్లే కావాలి. ఎర్రరంగు ద్రవం ఉన్నవి కొనడం మంచిది. వెండిలా మెరిసే పాదరసం ఉన్నది పగిలితే చేత్తో తాకవద్దు, చీపురుతో ఊడ్చవద్దు. పిల్లల్ని దూరం పంపి, కిటికీలు తెరవండి. గట్టి కాగితంతో ఎత్తి మూత ఉన్న సీసాలో వెయ్యండి.

కొలత ఎక్కడ తప్పుతుంది?

పరికరం గోడకు తగిలించినంత మాత్రాన సరిపోదు. అది నిజం చెప్పేటట్టు మనమే చూసుకోవాలి. ఒక్క డిగ్రీ తప్పు చూపితే తేమ లెక్కలో 7 తప్పుతుంది.

ఒకటి. గుడ్డ ఎండిపోవడం. ఇది అన్నిటికంటే పెద్ద తప్పు. గిన్నెలో నీళ్ళు అయిపోతే గుడ్డ ఎండుతుంది. అప్పుడు తడి థర్మామీటరు కూడా పొడిదైపోతుంది. రెండూ ఒకే అంకె చూపుతాయి. తేడా లేదు కాబట్టి తేమ 100 ఉందనుకుంటాం. కిటికీలన్నీ తెరుస్తాం. నిజానికి గది ఎండిపోతూ ఉంటుంది. ఉన్న కాస్త తేమనూ మనమే బయటికి పంపుతాం. కాబట్టి రెండు అంకెలూ ఒకటే కనిపిస్తే ముందు గుడ్డ ముట్టుకుని చూడండి.

రెండు. ఉప్పునీళ్ళు. మన బోరు నీళ్ళు కాచిన గిన్నెలో తెల్లటి పొర కడుతుంది కదా! ఆ పొరే గుడ్డకూ పడుతుంది. గుడ్డ గట్టిపడుతుంది. నీళ్ళు పైకి పీల్చదు. వడగట్టిన వాననీళ్ళు వాడండి. లేకపోతే బ్యాటరీల అంగట్లో డిస్టిల్డ్ వాటర్ అమ్ముతారు, అది తెచ్చుకోండి. అక్కడ యాసిడ్ కూడా ఉంటుంది. పేరు చదివి చూసి కొనండి.

మూడు. గుడ్డ రకం. పలుచటి పాత నూలుగుడ్డ కావాలి. గంజి పోయేటట్టు ఉతకాలి. పాలిస్టర్ గుడ్డ నీళ్ళు సరిగా పీల్చదు. పది పదిహేను రోజులకు ఒకసారి గుడ్డ మార్చండి. పసుపుపచ్చగా మారినా, గట్టిపడినా వెంటనే మార్చండి.

నాలుగు. తగిలించిన చోటు. తలుపు పక్కన పెడితే బయటి గాలి కొలుస్తుంది. పొయ్యి దగ్గర పెడితే పొయ్యి వేడి కొలుస్తుంది. తడి గోనెపట్టా పక్కన పెడితే పట్టా తేమ కొలుస్తుంది. మనకు కావలసింది పురుగు ఉన్న చోటి గాలి. కాబట్టి గది నడుమ, తట్టల ఎత్తులో వేలాడదీయండి. ఎండ తగలకూడదు.

ఐదు. కదలని గాలి. గాలి కదలకపోతే గుడ్డ చుట్టూ ఆవిరి నిలిచిపోతుంది. తడిది చల్లబడవలసినంత చల్లబడదు. అంకె చూసే ముందు రెండు మూడు నిమిషాలు విసనకర్రతో విసరండి. తడి అంకె దిగడం ఆగాక చదవండి.

ఆరు. చదివే పద్ధతి. గీత మన కంటికి ఎదురుగా ఉండాలి. పైనుంచి చూస్తే ఒక అంకె, కిందినుంచి చూస్తే ఇంకో అంకె కనబడుతుంది. బుడ్డిని చేత్తో పట్టుకోకూడదు. ముఖం దగ్గరగా పెట్టి ఊపిరి వదలకూడదు.

ఏడు. థర్మామీటర్లే తేడాగా ఉండడం. కొత్తది తెచ్చినప్పుడు గుడ్డ చుట్టకుండా రెండింటినీ అరగంట పక్కపక్కన ఉంచండి. రెండూ ఒకే అంకె చూపాలి. ఒకటి 1 డిగ్రీ ఎక్కువ చూపితే అది రాసి పెట్టుకోండి. ప్రతిసారీ దాని అంకెలో నుంచి 1 తీసివెయ్యండి.

ముల్లు మీటరుకు ఉప్పు పరీక్ష

ఇప్పుడు బజారులో గడియారంలాంటి ముల్లు మీటర్లు దొరుకుతున్నాయి. అంకెలు నేరుగా చూపే బ్యాటరీ మీటర్లు కూడా వచ్చాయి. తీసివేత అక్కర్లేదు. చూడగానే తేమ తెలుస్తుంది. సులువే. కానీ ఇవి కూడా తప్పు చూపవచ్చు. ముఖ్యంగా ముల్లు మీటర్లు పాతబడేకొద్దీ తప్పుతాయి. ఇంట్లో ఉన్న ఉప్పుతోనే దీన్ని పరీక్ష చెయ్యవచ్చు.

ఒక సీసా మూతలో వంట ఉప్పు పొయ్యండి. కొన్ని చుక్కల నీళ్ళు వెయ్యండి. ఉప్పు కరిగిపోకూడదు. తడి ఇసుకలా ఉండాలి. గాలి చొరబడని మూత ఉన్న పారదర్శకమైన డబ్బా తీసుకోండి. అందులో ఉప్పు మూత పెట్టండి. పక్కన మీటరు పెట్టండి. ఉప్పు మీటరుకు తగలకూడదు. డబ్బా గట్టిగా మూసి, ఎండ తగలని చోట ఒక రాత్రంతా ఉంచండి. పొద్దున మూత తీయకుండా అంకె చూడండి.

అది 75 చూపాలి. తడి ఉప్పు తన చుట్టూ మూసి ఉన్న గాలిలో తేమను ఎప్పుడూ 75 దగ్గరే నిలబెడుతుంది. ఇది ఉప్పు గుణం. మన గదుల వేడిలో ఇది పెద్దగా మారదు.

మీటరు 70 చూపితే అది 5 తక్కువ చెబుతోంది. ఇక నుంచి దాని అంకెకు 5 కలపండి. 80 చూపితే 5 తీసివెయ్యండి. ఆ సంగతి చీటీ మీద రాసి మీటరు వెనక అంటించండి. 10కి మించి తేడా ఉంటే ఆ మీటరును నమ్మవద్దు. ప్రతి పంటకు ముందు ఈ పరీక్ష ఒకసారి చెయ్యండి.

తెలిశాక ఏం చెయ్యాలి?

తేమ తక్కువైతే: కిటికీలకు తడి గోనెపట్టాలు కట్టండి. నేల మీద నీళ్ళు చల్లండి. చాకీ తట్టల చుట్టూ తడిపిన స్పాంజి ముక్కలు పెట్టి, పైన పారఫిన్ కాగితం కప్పండి. ఆకు మీద మాత్రం నీళ్ళు చల్లవద్దు.

తేమ ఎక్కువైతే: కిటికీలు తెరవండి. గాలి ఆడనివ్వండి. తడి ఆకు వెయ్యవద్దు. పడక పలుచగా పరచండి. పాత ఆకు, పెంటికలు తీసివెయ్యండి. పడక మీద పొడి సున్నం పలుచగా చల్లండి.

చంద్రికల మీద పురుగులు ఎక్కాక కూడా ఏమరుపాటు వద్దు. గూడు కట్టే ముందు పురుగు ఒంట్లోని నీరు వదులుతుంది. గది మూసి ఉంచితే ఆ తడి గూటికే పడుతుంది. అట్లాంటి గూటి నుంచి దారం తీస్తే తెగుతుంది. మార్కెట్లో ధర తగ్గుతుంది.

రాసి పెట్టుకుందాం

రోజుకు మూడుసార్లు చూడండి. పొద్దున 6 గంటలకు, మధ్యాహ్నం 2 గంటలకు, రాత్రి 9 గంటలకు. ఒక నోటు పుస్తకంలో ఇట్లా రాయండి:

పొద్దున 6: పొడి 24, తడి 22, తేడా 2, తేమ 85.
మధ్యాహ్నం 2: పొడి 28, తడి 23, తేడా 5, తేమ 64.
రాత్రి 9: పొడి 26, తడి 23, తేడా 3, తేమ 78.

ఒక్క రోజులోనే తేమ ఎంత మారిందో చూడండి. రోజుకు ఒకసారే చూస్తే ఇది తెలియదు. ఏ వేళకు పట్టాలు తడపాలో, ఏ వేళకు కిటికీ తెరవాలో ఈ పుస్తకమే చెబుతుంది. పంట బాగా పండితే ఏ తేమలో పండిందో తెలుస్తుంది. పోతే ఎక్కడ తప్పిందో తెలుస్తుంది. పట్టుపరిశ్రమ శాఖవాళ్ళు వచ్చినప్పుడు "ఏమో సార్, ఎందుకో పోయాయి" అనక్కర్లేదు. పుస్తకం తీసి చూపవచ్చు. అడగవలసింది అడగవచ్చు.

ఇన్నాళ్ళూ మీటరు చదివే పని ఇంట్లో మగవాళ్ళదో, చదువుకునే పిల్లలదో అయింది. వాళ్ళు ఊళ్ళో లేకపోతే అంకె చూసేవాళ్ళు లేరు. రాత్రి పూట తట్టల దగ్గర ఉండేది మనం. ఇప్పుడు అంకెలు మనకు వచ్చు. తీసివేత వచ్చు. ఆ మీటరు మనమే చదువుదాం.

చేసి చూడండి

1. పొడిది 25, తడిది 21. తేడా ఎంత? తేమ ఎంత? ఇది ఏ దశ పురుగులకు సరిపోతుంది?
2. పొడిది 26, తడిది 26. ముందుగా ఏం చూడాలి?
3. ఉప్పు పరీక్షలో మీ మీటరు 72 చూపింది. గదిలో అదే మీటరు 65 చూపుతోంది. అసలు తేమ ఎంత?

జవాబులు: 1. తేడా 4. తేమ సుమారు 71. నాలుగో దశ పురుగులకు సరిపోతుంది. 2. గుడ్డ ఎండిపోయిందేమో చూడాలి. 3. మీటరు 3 తక్కువ చూపుతోంది. 65కు 3 కలిపితే 68.